కీళ్లవాతానికి మందిచ్చిన భీమవరం సుబ్బారావు

కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవు దగ్గర నిలబడితే అవతలి గట్టున రాజమండ్రి కనిపిస్తుంది. మధ్యలో గోదావరి. కాస్త పెద్ద జబ్బు చేస్తే కొవ్వూరు వాళ్లకు వంతెన దాటడం అలవాటే. పొద్దున్నే బయల్దేరే బస్సుల్లో, ఆటోల్లో ఒళ్లో ఎక్స్‌రే కవరు పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మోకాళ్లు పట్టేసినవాళ్లు, భుజం పైకెత్తలేనివాళ్లు, మడమ నేల మీద మోపలేనివాళ్లు. వాళ్ల నోట ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట పీఆర్‌పీ. మన రక్తమే తీసి, మెషీన్‌లో తిప్పి, మన మోకాలికే ఎక్కిస్తారట, ఆపరేషన్ అక్కర్లేదట అని.

ఆ ఇంజెక్షన్ సంగతి చెప్పుకొనే ముందు ఒక మనిషి గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే పీఆర్‌పీ కోసం ఆరా తీస్తున్నవాళ్లలో కొందరికి అసలు కావలసింది ఇంజెక్షన్ కాదు, వారానికి ఒక్కరోజు వేసుకునే చిన్న మాత్ర. దాని పేరు మెథోట్రెక్సేట్. డాక్టరు రాసిచ్చినా, అది క్యాన్సర్ మందని మందుల షాపులోనో ఫోన్లోనో తెలుసుకుని హడలిపోయి, బీరువాలో పడేసేవాళ్లు ఉన్నారు. ఆ మందును తయారుచేసిన అమెరికా ప్రయోగశాలకు పెద్దదిక్కు మన డెల్టా మనిషే. కొవ్వూరు గట్టు మీంచి కనిపించే ఆ రాజమండ్రిలోనే కుర్రతనంలో బడికి వెళ్లాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

మూడోసారికి గట్టెక్కిన కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ల వయసులో ఆ పిల్లాడికి ఒక ఆలోచన వచ్చింది. కాశీ వెళ్లి, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి, బోలెడు డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయాడు. ఇంటివాళ్లు వెతికి వెనక్కి తీసుకొచ్చారు. వెంకమ్మ గట్టి మనిషి. కొడుకును చదివించి తీరాలని రాజమండ్రి పంపింది. అప్పటికి కొవ్వూరును రాజమండ్రితో కలిపే వంతెన ఒక్కటే. 1900లో వచ్చిన హేవ్‌లాక్ వంతెన, అదీ రైళ్లకే.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడటం, పోవడం, వాటి మధ్య పరీక్షలు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. చివరికి మద్రాసు వెళ్లి, హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయిందని ఇల్లంతా శోకాలు పెట్టే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పినా బాగుండు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా మనసు సన్యాసం మీదికి మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు. తల్లి ససేమిరా అంది. ఆ సేవాభావమే ఆయన్ను మద్రాసు మెడికల్ కాలేజీకి తీసుకెళ్లింది. 1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకయ్యే ఖర్చులో చేదోడుగా నిలిచారు.

అవి స్వదేశీ ఉద్యమం రోజులు. విదేశీ వస్త్రాలు వదిలేయమన్న గాంధీజీ పిలుపు విని, సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా, చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ఒక గౌను కారణంగా మద్రాసు వైద్యశాఖలో మంచి ఉద్యోగం దారి మూసుకుపోయింది. ఆ దారి తెరిచే ఉంటే బహుశా ఏ జిల్లా ఆసుపత్రిలోనో మంచి డాక్టరుగా రిటైరయ్యేవారు.

ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది డిగ్రీ కాదు, స్ప్రూ అనే జబ్బు. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఆగని విరేచనాలు, పుండుపడిన నాలుక, చిక్కి శల్యమైపోవడం, రక్తం పలచబడిపోవడం. కొద్దిరోజుల తేడాలో ఇద్దరు సోదరులు ఈ జబ్బుతో పోయారు. తర్వాత సుబ్బారావుకే వచ్చింది. అప్పటి ఇంగ్లిషు వైద్యంలో దానికి మందు లేదు. ఆయుర్వేద వైద్యంలోనూ పండితుడైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కాలేజీలోనే శరీరనిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు.

తనను బతికించిన మందులో ఏముందో, సోదరులను చంపిన జబ్బులో ఏం లోపించిందో తెలుసుకోవాలన్న తపన పట్టుకుంది. అమెరికా వెళ్లి ఉష్ణదేశపు జబ్బుల గురించి చదవాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మామగారు మరికొంత సమకూర్చారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. గర్భంతో ఉన్న భార్యకు రెండు మూడేళ్లలో తిరిగొస్తానని చెప్పి వెళ్లిన మనిషి, మళ్లీ రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహమే చూడలేదు. ఈ భాగం చదివినప్పుడల్లా సుబ్బారావు మీద కోపం వస్తుంది, రావాలి కూడా. శేషగిరి జీవితమంతా ఆయన కోసం ఎదురుచూపే అయింది.

హార్వర్డ్‌లో చేరారు గానీ చేతిలో డబ్బు లేదు. ఎల్ఎంఎస్ డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేయలేరు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా, రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేస్తూ పొట్టపోసుకున్నారు. ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా పూర్తయ్యాక జీవరసాయన శాస్త్రం వైపు వచ్చి, సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు.

కండరానికి ఇంధనం

ఇక్కడ కీళ్ల నొప్పులున్నవాళ్లు కాస్త ఆగి చదవాలి. 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో, కండరాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రావణం నీలిరంగుకు తిరిగే తీరును బట్టి లెక్కకట్టే పద్ధతి. వందేళ్లయినా జీవరసాయన ప్రయోగశాలల్లో వాళ్లిద్దరి పేరుతోనే ఇంకా వాడుకలో ఉంది.

ఆ కొలత చేస్తున్నప్పుడు ఒక వింత కనిపించింది. కండరంలోని నమూనాలో నీలిరంగు రావలసినంత వేగంగా రావడం లేదు. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసేవారు. వీళ్లు దాని వెంటపడ్డారు. కండరంలో అంతవరకు ఎవరికీ తెలియని భాస్వర పదార్థం ఒకటుందని 1927లో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ సంగతి ప్రకటించారు. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు.

ఏటీపీ అంటే ఒంట్లో ప్రతి కణం పనికీ ఖర్చయ్యే శక్తి. కుర్చీలోంచి లేచినా, మెట్టెక్కినా తొడ కండరం ఏటీపీని ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చును వెంటనే పూడ్చేది ఫాస్ఫోక్రియాటిన్. కండరం బిగుసుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమని అంతకుముందు అనుకున్న సిద్ధాంతం ఈ దెబ్బకు పక్కకు తప్పుకుంది. ఇప్పుడు జిమ్ కుర్రాళ్లు చెంచాలతో కలుపుకుని తాగే క్రియాటిన్ పొడి పనిచేసేది కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ నిల్వను పెంచడం ద్వారానే. ఆ పదార్థాన్ని లోకానికి చూపించినవాడు భీమవరం వాడని వాళ్లలో ఎంతమందికి తెలుసో.

మోకాలి నొప్పికీ దీనికీ సంబంధం ఉంది. మోకాలు అరిగినవాళ్లకు ఏ ఇంజెక్షన్ కంటే ముందు చెప్పవలసింది తొడ కండరాన్ని గట్టిపరచమని. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, కాసేపు ఆపి, దించడం. రోజూ చేస్తే కీలు మీద పడే బరువును కండరం కొంత మోస్తుంది. ఖర్చులేని వైద్యం కాబట్టి దానికి గిరాకీ లేదు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. పదేళ్లు గడిచినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. త్వరలోనే పరిశోధనలకు డైరెక్టరయ్యారు.

ఫోలిక్ యాసిడ్, దానికి శత్రువు

లెడర్లీలో ఆయన మొదట వెంటపడింది తన పాత పగకే. స్ప్రూలో రక్తం పలచబడేది ఎందుకు? ఆ ప్రశ్నకు ఒక కొస మన దేశంలోనే దొరికి ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిషు డాక్టరు బొంబాయిలోని పేద గర్భిణులకు ఈస్ట్ సారం ఇస్తే రక్తహీనత తగ్గుతుందని చూపించారు. అందులో ఉన్న పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్ అయింది. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసి ఆకు అన్న అర్థం వచ్చే లాటిన్ మాటతో ఆ పేరు పెట్టారు. కానీ బోలెడు ఆకు నుంచి వచ్చేది రవ్వంత. రోగులకు చాలినంత కావాలంటే ప్రయోగశాలలో తయారుచేయాలి. 1945లో సుబ్బారావు బృందం ఆ పని చేసింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే నాలుక పుండ్లు మానాయి, రక్తం పెరిగింది. సోదరులు పోయిన పాతికేళ్ల తర్వాత, వాళ్లకు అందవలసిన మందు సిద్ధమైంది.

ఇవాళ మన ఏఎన్ఎంలు గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే.

ఆ తర్వాతిది ఇంకా ఆశ్చర్యం. కణం రెండు కణాలుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలకు ఆ అవసరం మరీ ఎక్కువ. అయితే ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ పనిచేయని నకిలీని లోపలికి పంపితే? తాళంలో అచ్చు అలాంటిదే ఇంకో చెవి ఇరుక్కుపోయినట్టు, అసలుదానికి చోటుండదు. సుబ్బారావు బృందంలోని రసాయన శాస్త్రవేత్తలు అలాంటి నకిలీలను వరసగా తయారుచేశారు. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. దాన్ని కొంచెం మార్చితే వచ్చింది మెథోట్రెక్సేట్.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు రక్తక్యాన్సర్ వచ్చిన పసివాళ్లకు అమినోప్టెరిన్ ఇచ్చారు. అప్పటివరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో పోయేవాళ్లు. 1948 జూన్‌లో ఆయన ఫలితాలు ప్రకటించారు. పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. తగ్గినదేదీ నిలవలేదు, మళ్లీ తిరగబెట్టింది. అయినా మందుతో రక్తక్యాన్సర్ కదులుతుందని లోకం చూడటం అదే మొదలు.

బోదకాలు మందు సంగతి కూడా మన జిల్లాల వాళ్లు మరిచిపోకూడదు. కాలువలు, మురుగు, దోమలు ఉన్న డెల్టాలో బోదకాలు ఇంటింటి జబ్బు. 1947లో లెడర్లీ నుంచి హెట్రజాన్ పేరుతో దానికి మందు వచ్చింది. ఈ మధ్యకాలంలో నివారణ కార్యక్రమాల పేరిట ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మింగించిన డీఈసీ మాత్రలు అవే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నాయకత్వంలో ఉన్న ప్రయోగశాలలోనే, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వచ్చింది.

1948 ఆగస్టులో ఒకరోజు సుబ్బారావు నిద్రలేవలేదు. గుండెపోటు. వయసు 53. భారత పౌరుడిగానే పోయారు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలే. మెథోట్రెక్సేట్ కీళ్ల జబ్బుకు పనికొస్తుందన్న సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

నోబెల్ రాలేదని మనవాళ్లు ఆయన జయంతికి బాధపడుతూ ఉంటారు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు, 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. కీళ్లవాతం రోగికి వీటితో పనిలేదు. ఆ తర్వాత మాత్రకు ఏమైందన్నదే ముఖ్యం.

క్యాన్సర్ మందు కీళ్లకెలా వచ్చింది

1951లో అమెరికాలో గబ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూశారు. వాపులు తగ్గాయి. కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతకు రెండేళ్ల ముందే కార్టిజోన్ వచ్చి, మంచాన పడ్డవాళ్లను లేపి నడిపించిందన్న పేరు తెచ్చుకుంది. 1950లో దానికి నోబెల్ కూడా వచ్చింది. స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయని, షుగరు పెరుగుతుందని తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో, వారానికి ఒకసారి ఇస్తే ఎలా ఉంటుందో 1980లలో సరైన పద్ధతిలో పరీక్షించారు. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి దాన్ని అనుమతించింది. సుబ్బారావు పోయి అప్పటికి నలభై ఏళ్లు.

ఇప్పుడు ప్రపంచమంతా కీళ్లవాతం చికిత్స మామూలుగా దీనితోనే మొదలవుతుంది. వాడే మోతాదు వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. కొన్ని క్యాన్సర్లకు ఇదే మందు ఒక్కసారికి గ్రాముల్లో ఎక్కిస్తారు. అంటే వందల రెట్లు తేడా. తక్కువ మోతాదులో ఇది కణాలను చంపే పని కంటే వాపును చల్లార్చే పని ఎక్కువ చేస్తుంది. కణాల చుట్టూ అడినోసిన్ అనే పదార్థం పెరగడం అందుకు ఒక ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ అడినోసిన్ ఎక్కడిదో తెలుసా? ఏటీపీ విడిపోతే వచ్చేదే. 1929లో సుబ్బారావు పట్టుకున్న ఏటీపీ పేరులో మొదటి అక్షరం అడినోసిన్‌దే.

మరి పీఆర్‌పీ ఎవరికి?

కీళ్లు నొప్పి పెట్టే దారులు చాలా ఉన్నాయి. మనవైపు ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి అరుగుదల. యాభై దాటాక, బరువు పెరిగాక, మోకాళ్లలో వచ్చేది. మెట్లు దిగుతుంటే, నేల మీంచి లేస్తుంటే నొప్పి. పొద్దున్నే పట్టేసినా పది, పదిహేను నిమిషాల్లో వదిలేస్తుంది. రెండోది కీళ్లవాతం. మన రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద పడటం. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ, ముప్ఫైల్లో నలభైల్లో కూడా వస్తుంది. రెండు చేతుల వేళ్ల మొదళ్లు, మణికట్లు ఉబ్బుతాయి. పొద్దున లేవగానే పిడికిలి ముడవదు, అరగంట, గంట గడిస్తే గానీ జడ వేసుకోవడం, ఇడ్లీ పిండి కలపడం చేతకాదు. నీరసం, ఒక్కోసారి సన్నటి జ్వరం. మొదటి ఏడాది రెండేళ్లలో సరైన మందు పడకపోతే కీళ్లు వంకర తిరుగుతాయి. తిరిగాక మందుతో సరిచేయలేం.

పీఆర్‌పీ అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా. చేతి నుంచి కాస్త రక్తం తీస్తారు. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపు ద్రవం తేలుతుంది. ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని సిరంజిలోకి లాగి కీలులోకో, నొప్పి పెట్టే స్నాయువు దగ్గరికో ఎక్కిస్తారు. గాయమైనప్పుడు ప్లేట్‌లెట్లు రక్తం గడ్డకట్టించడంతో పాటు మరమ్మతును ప్రేరేపించే పదార్థాలను కూడా విడుదల చేస్తాయి. వాటితో పాడైన చోటు బాగుపడుతుందన్నది ఆశ. ఆశలో తప్పులేదు.

ఫలితాలు మాత్రం ఆశించినంత లేవు. ఆస్ట్రేలియాలో మోకాళ్ల అరుగుదల ఉన్న 288 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు, రెండో జట్టుకు ఉత్త సెలైన్. ఎవరికి ఏదో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోనూ, మృదులాస్థిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2021లో ఈ ఫలితం వచ్చింది. మడమ వెనక స్నాయువు నొప్పికి బ్రిటన్‌లో 240 మందిపై చేసిన పరీక్షలో కూడా ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే పీఆర్‌పీ మెరుగనిపించుకోలేదు. మేలు చేసిందన్న అధ్యయనాలూ ఉన్నాయి, ముఖ్యంగా మోకాలికీ మోచేతికీ. కానీ ఒక్కో చోట ఒక్కోలా తయారుచేస్తారు కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని నమ్మలేం. వ్యాయామం, బరువు తగ్గడం, మామూలు మందులు ప్రయత్నించాక, డాక్టరు ఇది పనిచేయొచ్చు, పనిచేయకపోవచ్చు అని ఉన్నదున్నట్టు చెబితే, ఆ ఖర్చు భరించగలిగితే, అరుగుదల ఉన్నవాళ్లు చేయించుకోవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు.

కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఇది అసలు చికిత్స కాదు. జబ్బు ఒక్క మోకాలిలో లేదు, ఒళ్లంతా ఉంది. ఒక కీలులో ఇంజెక్షన్ వేయించుకుని నొప్పి తగ్గుతుందేమోనని ఆరు నెలలు ఎదురుచూస్తే, వేళ్ల కీళ్లు ఆ ఆరు నెలల్లో కరిగిపోతాయి. అందుకే పీఆర్‌పీకి డబ్బు కట్టేముందు ఒక ప్రశ్న అడగండి. నాది అరుగుదలా, వాతమా? ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు, డాక్టరు చేత్తో నొక్కి చూసే పరీక్ష కలిపి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

వారానికి ఒక్కసారే

మెథోట్రెక్సేట్ రాసినవాళ్లకు రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ చెప్పి లాభం లేదు. ఈ మాత్ర వారంలో ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి పొరపాట్లు ప్రపంచమంతా జరుగుతున్నాయి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు రోజూ వేసుకునే పెద్దవాళ్లు ఒకే డబ్బాలో అన్నీ కలిపేయడం వల్ల ఎక్కువగా జరుగుతాయి. కాబట్టి ఈ మాత్రలు విడిగా ఉంచాలి. కొడుకో కోడలో గుర్తుపెట్టుకుని చేతికివ్వడం మంచిది.

గర్భిణులు వేసుకోకూడదు. పిల్లలు కావాలనుకుంటే కొన్ని నెలల ముందే డాక్టరుకు చెప్పి ఆపాలి. మందు తాగే అలవాటుంటే దాచకుండా చెప్పాలి, కాలేయానికి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. మొదట్లో కొన్ని వారాలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు మానకూడదు. నోట్లో పుండ్లు లేచినా, జ్వరం వచ్చినా, ఆయాసం, పొడి దగ్గు మొదలైనా మాత్ర ఆపి డాక్టరును కలవాలి. వేరే జబ్బుకు ఎవరైనా సెప్ట్రాన్ లాంటి సల్ఫా మాత్ర రాస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందే చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ప్రమాదం.

ఫలితం ఒకటి రెండు వారాల్లో కనిపించదు. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా విసుగెత్తి మానేసి, వంతెన దాటి ఇంకో డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి పీఆర్‌పీకి వెళ్లేవాళ్లే ఎక్కువ.

చీటీలో మెథోట్రెక్సేట్ కింద ఇంకో మందు రాసి ఉంటుంది, గమనించారా? ఫోలిక్ యాసిడ్. మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే నోటిపూత, వికారం వంటి ఇబ్బందులు తగ్గడానికి దాన్ని వేరే రోజున వేసుకోమంటారు. నకిలీనీ, అసలునూ ఒకే రోగికి ఇవ్వడమన్నమాట. రెండూ ఒకే మనిషి ప్రయోగశాలలోంచి వచ్చినవే. ఆదివారం మెథోట్రెక్సేట్ అనుకుంటే ఆ అట్ట మీద ఆదివారం అని, ఫోలిక్ యాసిడ్ అట్ట మీద మంగళవారం అని స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి, రెండూ వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోండి.